చీమల బారు కూడా ‘లింగాకర్షకమే’నా?

మునుగోడు దిక్కు మా మామ పత్తి చేనులో గులాబీ రంగు పురుగు కోసం బుట్టలు కట్టాడు. డబ్బా మీద ‘లింగాకర్షక బుట్టలు’ అని ఉంది, ఊళ్లో మాత్రం ఎవరి నోటా ఆ మాట రాదు, ఎర బుట్టలే. మా అత్త పైకి చదవబోయి సగంలో నవ్వి ఊరుకుంది. లింగ + ఆకర్షక, సవర్ణదీర్ఘం, సంధితో పేచీ లేదు. బుట్టలోని ఎర ఆడ పురుగు వాసనే, మగవి వచ్చి పడతాయి, కాబట్టి దానికి ఆ పేరు సరే.

కానీ ఫెరోమోన్ (ఒక జీవి తన జాతివాటికి సంకేతంగా వదిలే వాసన) అని కనబడిన ప్రతిచోటా ఇదే మాట అతికిస్తున్నారు. 1959లో ఫెరోమోన్ అని పేరు పెట్టినవాళ్లు గ్రీకులో ‘మోయడం’, ‘రేపడం’ అనే అర్థాలున్న మాటలు కలిపారు, అందులో లింగమూ లేదు, ఆకర్షణా లేదు. చీమల బారుకు దారి చూపే వాసన కూడా ఫెరోమోనే మరి.

సీతాకోకచిలుకల దగ్గర ఇంకా తేడా కొడుతుంది. జిల్లేడు చెట్ల చుట్టూ తిరిగే నారింజ రంగుది తెలుసు కదా, అందులో మగది జనుము జాతి మొక్కల వాడిన ఆకులను తొండంతో తడిపి పీల్చుకుంటుంది. ఆ చేదు సరుకుతోనే అత్తరు తయారుచేసుకుంటుంది. ఆడది కనబడితే పొట్ట కొసలోంచి సన్నని వెంట్రుకల కుచ్చులు బయటికి తీసి దాని దగ్గర విప్పుతుంది. దూరం నుంచి పిలవడం కాదిది, దగ్గరికి చేరాక ఒప్పించుకోవడం.

ఐరోపాలో ఒక తెల్ల సీతాకోకచిలుక ఉంది, దానిది పూర్తిగా ఉల్టా. జతకట్టేటప్పుడు మగది ఆడదానికి మిథైల్ శాలిసిలేట్ అంటగడుతుంది, అచ్చం మనం మోకాళ్లకు రాసుకునే నొప్పుల బామ్ వాసన. అది తగిలితే మిగతా మగవి దూరం పోతాయి. 2000లో స్వీడన్ వాళ్లు ప్రచురించారు. తరిమే వాసనను ఆకర్షకం అని ఎట్లా అంటాం? ఈ మాట అంటే ఇద్దరు నన్ను అడ్డుకున్నారు.

— తమ్మీ, సంస్కృతంలో లింగమంటే మొదటి అర్థం ‘గుర్తు’. ఆ లెక్కన మాట చెడ్డదేం కాదు.

— నిజమే సార్, ఒప్పుకుంటా. కానీ ‘ఆకర్షక’ అట్లనే మిగిలింది కదా.

— మరి నువ్వేమంటావు అన్నా? ‘గంధం’ అని పెడదామంటే చందనం అనుకుంటారు.

— నేనైతే ‘వాసన కబురు’ అంటా. పిలిచినా కబురే, పొమ్మన్నా కబురే. బుట్టకు మాత్రం మా ఊరి ‘ఎర’ ఉండనే ఉంది, దాన్ని ముట్టుకోను.