ఉన్నది ఒక్క ఆదివారం: ములుగు దారి పట్టాలా, మన ఊరే చూడాలా?

కాజీపేట కోడలు:
మా ఇంట్లో తెగని పంచాయితీ ఒకటి ఇక్కడ పెడుతున్నాను. నేను, మావారు ఇద్దరం ఉద్యోగస్తులం. ఇద్దరికీ కలిసొచ్చే సెలవు ఆదివారమే. ఆ రోజు ఇంతకుముందు చూడని చోటుకే వెళ్లాలని ఒప్పందం. అంతవరకు బాగానే ఉంది, గొడవంతా ఎక్కడికి అన్న దగ్గరే. బండి ములుగు రోడ్డెక్కితే తప్ప ఆయనకు బయటికి వెళ్లినట్టు ఉండదు. రామప్ప గుడి, లక్నవరం చెరువు, వానలు పడితే బొగత జలపాతం. నేనేమో వరంగల్, హనుమకొండ, కాజీపేట మూడూ కలిపి మనం సగం కూడా చూడలేదంటాను. హనుమకొండ నడిబొడ్డున అగ్గలయ్య గుట్ట మీద బండకు చెక్కిన జైన తీర్థంకరుడు నిలబడి ఉన్నాడని పెళ్లయి వచ్చిన నాకు తెలుసు, ఇక్కడే పుట్టి పెరిగిన ఆయనకు తెలియదు. చెబితే "అక్కడేముంటుంది, రాళ్లే కదా" అన్నారు. వేయి స్తంభాల గుడి చిన్నప్పుడే చూశారట. ఏళ్ల తరబడి విప్పిన రాళ్లుగా పడి ఉండి 2024 మార్చిలో మళ్లీ తెరుచుకున్న కల్యాణ మండపంలో మాత్రం ఇంకా కాలు పెట్టలేదు. మీరైతే ఎటు?

ఖిలా వాసి:
నాది మీ పక్షమే అమ్మా. వరంగల్ కోట లోపలే మా ఇల్లు కాబట్టి వచ్చేపోయేవాళ్లను చూస్తూనే ఉంటాను. ఆటో దిగుతారు, తోరణం ముందు ఫొటో దిగుతారు, అరగంటలో మళ్లీ ఆటో ఎక్కుతారు. కోట చూశామని చెప్పుకుంటారు. ఆ నాలుగు కీర్తి తోరణాలే కోటా? రాతికోట చుట్టూ అగడ్త, దాని బయట మట్టికోట. కాకతీయ రాజు గణపతిదేవుడు మొదలుపెట్టి ఆయన కూతురు రుద్రమదేవి పూర్తిచేసిన గోడల మధ్య ఇప్పటికీ ఇళ్లున్నాయి, పొలాలున్నాయి. రాతికోట దర్వాజాలో నేరుగా దూసుకురాలేరు, లోపల మలుపు తిరగాలి. శత్రువు ఒక్క ఊపున చొరబడకుండా చేసిన ఏర్పాటది. ఇప్పుడు ఆ మలుపులో ఎదురెదురుగా వచ్చిన ఆటోలు హారన్లు కొట్టుకుంటూ ఎవరు వెనక్కి తగ్గాలో తేల్చుకుంటుంటాయి. అది చూడటానికే ఒక పూట కూర్చోవచ్చు!

కోటలోనే ఉన్న పాత కట్టడం ఖుష్ మహల్ సంగతి వేరే చెప్పాలి. గోడలు పైకి పోయేకొద్దీ లోపలికి వాలి ఉంటాయి, లోపల వరుసగా పెద్ద పెద్ద కమానులు. మిట్టమధ్యాహ్నం బయట మాడిపోతున్నా అందులో చల్లగా ఉంటుంది. హనుమకొండలో పద్మాక్షి గుట్ట మాటేమిటి మరి? బతుకమ్మ నాడు గుట్ట కింది గుండం దాకా అందరం వెళ్తాం. పైకెక్కి అక్కడి జైన విగ్రహాలను తీరిగ్గా చూసినవాళ్లు మనలో ఎందరు?

నర్సంపేట రోడ్డు:
ఖిలా వాసి గారు బాగా రాశారు కానీ, ఆలుమగలు సెలవునాడు కలిసి వెళ్లేది పరీక్షకు చదువుకోవడానికి కాదు కదా. ఊళ్లో తిరిగినంతసేపూ ఆలోచన ఇంటి చుట్టే ఉంటుంది. గ్యాస్ కట్టేశామా, పాలు తోడుపెట్టామా, ఎలాగూ దగ్గరే కదా ఒకసారి వెళ్లి చూసి వద్దామా. యాభై కిలోమీటర్లు దాటితే ఆ బెడద ఉండదు.

ఆదివారం లక్నవరం మాత్రం నేను చెప్పను. వేలాడే వంతెన మీద ఫొటోల కోసం ఆగేవాళ్లే సగం, పడవ దగ్గర ఎదురుచూపులు సగం. పాకాల వెళ్లండి. నర్సంపేట దాటాక పొలాలు పోయి అడవి మొదలవుతుంది, కాసేపటికి చెట్ల మధ్య నుంచి నీళ్లు కనిపిస్తాయి. అదీ గణపతిదేవుని కాలపు చెరువే, చరిత్ర కావాలంటే అక్కడా ఉంది. ఇంట్లో సర్వపిండి చేసి పట్టుకెళ్లండి. చల్లారినా రుచి చెడదు, చేతులకు అంటుకోదు.

పాత బడి మాస్టారు:
రామప్పను, లక్నవరాన్ని ఒకే గాటన కట్టకండి. ఒకే రోజు రామప్ప, లక్నవరం, వీలైతే మేడారం అని బయలుదేరేవాళ్లు చివరికి చూసేది ఇసుక లారీల వెనక భాగాలు. రామప్పకే ఒక పూట సరిపోదు. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, నీటిలో తేలే ఇటుకలు అని గైడు చెప్పేది పూర్తయ్యాక మీ పని మొదలవుతుంది. చూరు కింద మదనికల, అంటే రాతిలో చెక్కిన ఆడబొమ్మల దగ్గర ఒక్కొక్కరి ముందూ ఆగండి. వేటకు వెళ్లే ఒకామె కాళ్లకు ఎత్తు మడమల చెప్పులుంటాయి. ఆ నల్లరాయిని అద్దంలా నునుపు చేశారు. తర్వాత లక్నవరం వైపు పరుగెత్తకుండా గణపురం కోటగుళ్లకు, అవీ కాకతీయుల నాటి గుళ్లే, వెళ్లండి. దగ్గరే, జనమూ తక్కువే.

కొత్త కాపురం:
మరి అత్తగారిని ఇంట్లో వదిలేసి వెళ్తారా?

కాజీపేట కోడలు:
అత్తమ్మే పొమ్మంటారు. ఆ ఒక్కరోజు టీవీ ఆవిడ చేతికి వస్తుంది.

ఏనుమాముల:
ఆదివారమే ఎందుకు, మామూలు రోజు సెలవు పెట్టి మిర్చి సీజన్‌లో మా ఏనుమాముల వ్యవసాయ మార్కెట్‌కు రండి. యార్డు ఎటు చూసినా ఎరుపే. ఇద్దరూ కలిసి తుమ్మవచ్చు.

ఆ ఇంటాయన:
పై ప్రశ్న వేసినావిడ భర్తను నేనే. ఒక్క మాట చెప్పుకోనివ్వండి. రాళ్లంటే నాకు పగ లేదు. ఊళ్లో మేమిద్దరం బండి మీద వెళ్తుంటే చౌరస్తాలో మా పెదనాన్న కొడుకు, నక్కలగుట్టలో నాతో పదో తరగతి చదివినవాడు, భద్రకాళి చెరువు కట్ట మీద మా ఆఫీసు పెద్దసారు. ఆగాలి, పలకరించాలి, "ఇంటికి రండి" అనాలి, వాళ్లు నిజంగా తీసుకెళ్తారు. పోయిన నెల కోటకని బయలుదేరి ఒకరింట్లో ఉప్మా తిని తిరిగొచ్చాం. ములుగు రోడ్డు మీద నన్నెవరూ గుర్తుపట్టరు. వెనక కూర్చుని ఆవిడ మాట్లాడుతూనే ఉంటుంది, ఇంట్లో వారం మొత్తంలో చెప్పనివి కూడా. నాకు కావలసింది ఆ దారి. చివర్లో గుడి ఉందా చెరువు ఉందా అన్నది తర్వాతి మాట.

కాజీపేట కోడలు:
ఈ మాట ఇంట్లో చెప్పి ఉంటే ఈ చర్చే ఉండేది కాదు. అయినా డెబ్బై కిలోమీటర్లు వెనక కూర్చుంటే నడుము ఎవరిది పడిపోతుందో కూడా రాయండి. మీరు హెల్మెట్‌లో ఉండి సగం వినరు, "ఊ" అంటారు.

నర్సంపేట రోడ్డు:
పాకాల డెబ్బై ఉండదు. గుర్తుంచుకోండి.

ఖిలా వాసి:
తెలిసినవాళ్లు ఎదురుపడకూడదు, అంతేనా? పొద్దున ఆరింటికి మట్టికోట మీదికి రండి. మేకలు కాసే అబ్బాయి తప్ప పలకరించేవాళ్లు ఉండరు.

ఆ ఇంటాయన:
ఆ అబ్బాయి మా చిన్నమ్మ ఇంటి పక్కనే ఉంటాడు సార్. పాకాలే ఖాయం.