ఫ్రీ సాఫ్ట్‌వేర్ గురించి చెప్పడానికి స్టాల్ పెడుతున్నాం, అందరం వాలంటీర్లమే, ఎలా నడపాలో చెప్పండి

కొత్తస్టాల్:
హాయ్ అండీ అందరికీ. ఒక టెక్నాలజీ మేళాలో మాకు ఒక టేబుల్, కరెంట్ పాయింట్ ఇస్తామన్నారు, రెండ్రోజులు. మేం అరడజను మందిమి, ఎవరికీ ఇలాంటిది చేసిన అనుభవం లేదు, విండోస్‌కి బదులు లినక్స్ మాత్రం రోజూ వాడతాం. పాంప్లెట్ రాయడం మొదలుపెట్టాం, 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ జీఎన్‌యూ అనే ఫ్రీ ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్ట్ ప్రకటించిన దగ్గర్నుంచి ఎత్తుకుంటే నాలుగు పేజీలు అయింది, ఇంకా 1991లో లినక్స్ కెర్నల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం) దగ్గరే ఉన్నాం 😀 ఇదంతా ఎవరైనా చదువుతారా అసలు? ఇంకోటి, వచ్చినవాళ్ల ల్యాప్‌టాప్‌లో అక్కడికక్కడే లినక్స్ ఎక్కించి పంపిస్తే బాగుంటుందని మావాడు ఒకడు పట్టుబట్టి కూర్చున్నాడు, నాకేమో భయంగా ఉంది. డ్యూటీలు ఎలా వేసుకోవాలో కూడా చెప్పండి.

పాతమౌస్:
నాలుగు పేజీలు ఎవరూ చదవరండీ, మడిచి సంచీలో పడేస్తారు అంతే. ఒక్క కాగితం, ఒకవైపు చాలు. చరిత్ర మొత్తం తీసేయండి, అడిగినవాళ్లకి నోటితో చెప్పొచ్చు. కాగితంలో ఏముండాలంటే ఇంటికెళ్లాక ఆ మనిషి ఏం చెయ్యాలి, ఎక్కడ దొరుకుతుంది, ఇరుక్కుపోతే ఎవర్ని అడగాలి, ఈ మూడూ ఉంటే చాలు.

అసలు పని కాగితం దగ్గర కాదు, మాట దగ్గర జరుగుతుంది. స్టాల్‌కి వచ్చినవాళ్లకి మనం చెప్పడం మొదలుపెట్టకూడదు, ముందు అడగాలి, మీరు కంప్యూటర్‌లో ఎక్కువగా ఏం చేస్తుంటారు అని. బొమ్మలేస్తాను అంటే క్రిటా తెరిచి మౌస్ వాళ్ల చేతికే ఇచ్చేయాలి, లెక్కలు రాసుకుంటాను అంటే లిబ్రేఆఫీస్, వీడియోలు చూస్తాను అంటే అప్పటికే వాళ్ల మెషీన్‌లో వీఎల్‌సీ ఉండే ఉంటుంది, మీరు వాడుతున్నది కూడా ఫ్రీ సాఫ్ట్‌వేరే అని చెప్తే మొహంలో ఒక వెలుగొస్తుంది చూడండి, అక్కణ్నుంచి మాట దానంతటదే నడుస్తుంది. ఇవన్నీ విండోస్‌లో కూడా పనిచేస్తాయి కాబట్టి మొదటిరోజే ఆపరేటింగ్ సిస్టమ్ మార్చమని వాళ్ల మీద పడక్కర్లేదు.

ఫోటోషాప్ నడుస్తుందా అని కచ్చితంగా అడుగుతారు. లినక్స్‌కి అడోబీ ఆ వెర్షన్ ఇవ్వట్లేదు అని సూటిగా చెప్పేయండి, దానికి బదులు వాడే గింప్ అచ్చం అలాగే ఉంటుంది అని మాత్రం అనొద్దు. రోజంతా ఫోటోషాప్‌లోనే పనిచేసే మనిషికి అది రెండు నిమిషాల్లో తేలిపోతుంది, ఆ తర్వాత మీరు చెప్పే మిగతావేవీ నమ్మడు.

టేబుల్ వెనక కుర్చీల్లో కూర్చుని మీ ల్యాప్‌టాప్‌లు మీరు చూసుకుంటూ ఉంటే బ్యాంకు కౌంటర్‌లా ఉంటుంది, ఎవరూ దగ్గరికి రారు. స్క్రీన్ బయటికి తిప్పండి, మీరు టేబుల్ పక్కన నిలబడండి. పిల్లలు వచ్చే చోటైతే టక్స్ పెయింట్ అనే పిల్లల బొమ్మల ప్రోగ్రాం తెరిచి పెట్టండి, పిల్ల ముద్రలు కొట్టుకుంటూ కూర్చుంటుంది, అమ్మానాన్నలు కదల్లేరు, మాట్లాడ్డానికి బోలెడంత టైం.

డ్యూటీకి ఎప్పుడూ తక్కువలో తక్కువ ఇద్దరు ఉండాలి, ఒక్కడే ఉంటే బాత్రూంకి వెళ్లినా స్టాల్ మూతే. రెండుమూడు గంటలకోసారి మారండి, గొంతు అంతకంటే ఆగదు.

బూట్‌బాబాయ్:
ఇన్‌స్టాల్ సంగతి నేను చెప్తా. వద్దు. స్టాల్ దగ్గర అస్సలు వద్దు తమ్ముడూ. మీవాడి ఉత్సాహం మంచిదే కానీ విండోస్‌లో డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ అనేది ఒకటుంది. కొత్త విండోస్ ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో మైక్రోసాఫ్ట్ ఎకౌంట్‌తో లాగిన్ అవ్వగానే డిస్క్ తనంతట తనే ఎన్‌క్రిప్ట్ అవుతుంది, ఓనర్‌కి ఆ సంగతి కూడా తెలీదు. మీవాడు బయాస్ సెట్టింగుల్లోకెళ్లి సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం ఉన్న సిస్టమ్‌నే మొదలవ్వనిచ్చే రక్షణ) ఆపేశాడనుకో, తర్వాత విండోస్ తెరిస్తే 48 అంకెల రికవరీ కీ అడిగే అవకాశం ఎక్కువ. కీ ఆయన ఎకౌంట్‌లో ఉంటుంది, ఆ పాస్‌వర్డ్ ఆయనకి గుర్తుండదు, చుట్టూ పదిమంది చూస్తుంటారు. ఇక మీ స్టాల్ పేరు ఏమవుతుందో ఆలోచించుకో.

నిజానికి సెక్యూర్ బూట్ ఆపక్కర్లేదు కూడా, ఉబుంటు, ఫెడోరా లాంటి లినక్స్ రకాలు అది ఆన్‌లో ఉండగానే బూటవుతాయి, డెబియన్ కూడా 2019లో వచ్చిన వెర్షన్ 10 నుంచి అంతే. అయినా సరే మీ సొంత మెషీన్ల మీదే లైవ్ యూఎస్‌బీ (ఇన్‌స్టాల్ చెయ్యకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లినక్స్) చూపించండి. కావాలన్నవాళ్లకి ఇన్‌స్టాల్ కోసం వేరే రోజు పెట్టుకోండి, బ్యాకప్ తీసుకుని రమ్మనండి, ఎవరి డేటాకి వాళ్లదే బాధ్యత అని ముందే చెప్పండి. డెమోకి పాత నాసిరకం పెన్‌డ్రైవ్ వాడొద్దు, మెనూ తెరుచుకోడానికి అరనిమిషం పడితే లినక్స్ స్లో అనుకుంటారు, పాపం తప్పు దానిది కాదు.

నాలుగోస్వేచ్ఛ:
పాతమౌస్ గారు చెప్పింది చాలావరకు ఒప్పుకుంటాను కానీ ఒక్కదగ్గర ఆగాలి. అలా యాప్‌లు చూపించుకుంటూ పోతే అది డబ్బులివ్వక్కర్లేని సాఫ్ట్‌వేర్ ప్రచారం అవుతుంది, ఫ్రీ సాఫ్ట్‌వేర్ ప్రచారం అవ్వదు. దేనికైనా వాడుకోవచ్చు, లోపల ఎలా ఉందో చూసి మార్చుకోవచ్చు, కాపీ ఇంకొకరికి ఇవ్వొచ్చు, మార్చినదాన్ని కూడా పంచొచ్చు, ఈ నాలుగు స్వేచ్ఛలూ ఎక్కడో ఒకచోట మాటల్లో రాకపోతే స్టాల్ ఎందుకు మరి?

ఉపన్యాసం ఇవ్వమనట్లేదు. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది కదా. శుభ్రంగా పనిచేస్తున్న కంప్యూటర్లు ప్రాసెసర్ పాతదనో టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ లేదనో విండోస్ 11కి పనికిరావన్నారు. దాంతో దెబ్బతిన్నవాళ్లు మీ స్టాల్‌కి ఎలాగూ వస్తారు. మీ మెషీన్ ఎప్పటిదాకా పనికొస్తుందో వేరేవాళ్లు ఎందుకు నిర్ణయించాలి అని అడగండి చాలు, నాలుగు స్వేచ్ఛల్లో సగం అర్థమైపోతుంది.

ఇంకోటి, ఇది ఎవరూ పట్టించుకోరు. పెన్‌డ్రైవ్‌లో కాపీలు ఇస్తున్నారంటే మీరు కూడా పంపిణీదారులే, సోర్స్ (ప్రోగ్రాం రాసిన అసలు కోడ్) ఇచ్చే బాధ్యత మీదే. కెర్నల్ జీపీఎల్ వెర్షన్ 2 అనే లైసెన్స్ కింద ఉంది, దాని ప్రకారం సోర్స్ వెంట ఇవ్వాలి, లేదా అడిగితే ఇస్తామని కనీసం మూడేళ్లు చెల్లే రాతపూర్వక హామీ ఇవ్వాలి. అంతకంటే సులువు, కాపీ చేసిచ్చే టేబుల్ మీదే ఒక హార్డ్‌డిస్క్‌లో సోర్స్ కూడా పెట్టుకుని కావాలంటే ఇదీ కాపీ చేసుకోండి అని బోర్డు పెట్టడం. డెబియన్‌వాళ్లు సోర్స్ ఇమేజ్‌లు విడిగా ఇస్తారు. ఎవరూ అడగరనుకోండి, అయినా మనమే లైసెన్స్ పాటించకపోతే ఎలా.

వైర్లబ్బాయి:
పెద్దవాళ్లు పెద్ద విషయాలు చెప్పేశారు. పొడుగు ఎక్స్‌టెన్షన్ బాక్స్, వైర్ నేలకి అంటించడానికి టేప్, మార్కర్లు. వైఫై ఉంటుందని నమ్మొద్దు, జనం పెరిగాక అది పడుకుంటుంది, డెమో అంతా నెట్ లేకుండా నడవాలి. కివిక్స్ అనే యాప్‌లో వికీపీడియా దించి పెట్టుకుంటే నెట్ లేకుండానే చూపించొచ్చు, జనం బాగా ఆగుతారు. ఇంకా దయచేసి రిజిస్టర్ పెట్టి అందరి ఫోన్ నంబర్లూ రాయించుకోకండి, ప్రైవసీ గురించి మాట్లాడుతూ ఆ పని చేస్తే నవ్వుతారు.

కొత్తస్టాల్:
థాంక్స్ అందరికీ 🙏 పాంప్లెట్ ఒకవైపుకి కుదించేశాం, చరిత్ర రాసినతను అలిగాడు, అడిగినవాళ్లకి చెప్పే డ్యూటీ అతనికే ఇచ్చాం. ఇన్‌స్టాల్‌కి వేరే రోజు అని తేల్చేశాం. బూట్‌బాబాయ్ గారు రాసిన 48 అంకెల కథ చదివాక మావాడు కూడా ఇంకేం మాట్లాడలేదు. స్టాల్ దగ్గర ఎవరైనా వాదనకి దిగితే ఏం చెయ్యాలి? ఫ్రీగా ఇచ్చేదాంట్లో నాణ్యత ఉండదు అనేవాళ్లు ఉంటారు కదా.

పాతమౌస్:
ఒక్కసారి జవాబు చెప్పండి, ఇంటర్నెట్‌లో సర్వర్లు చాలావరకు లినక్స్ మీదే నడుస్తున్నాయని, వాళ్ల జేబులో ఆండ్రాయిడ్ ఉంటే దాంట్లోనూ అదే కెర్నల్ అని. రెండోసారీ అదే మాట అంటే నవ్వి వదిలేయండి, వెనకాల నిజంగా తెలుసుకుందామని వచ్చినవాళ్లు నిలబడి ఉంటారు. అన్నట్టు కాగితం మీద క్యూఆర్ కోడ్ వేస్తున్నారేమో, ప్రింట్‌కి ఇచ్చేముందు రెండు మూడు ఫోన్లతో స్కాన్ చేసి చూడండి, అది వెళ్లే పేజీ కూడా మీరు తర్వాత మార్చుకోగలిగేదై ఉండాలి.