అక్షరాలన్నీ వచ్చినా చదివింది అర్థం కావట్లేదు

ప్రశ్న: డాలస్‌లో తొమ్మిదేళ్ల పిల్లలకు వారానికి గంట తెలుగు క్లాసు. గుణింతాలు వచ్చు, ఒత్తులు ఓ మోస్తరు. పేరా ఇస్తే కూడబలుక్కుంటూ చివరిదాకా వస్తారు, ఏం చదివావంటే చెప్పలేరు. ఎక్కడ మొదలుపెట్టాలండీ?

జవాబు 1: శక్తంతా కూడబలుక్కోవడానికే సరిపోతోందండి. తెలుగులో క్రియ చివర్లో కదా, అక్కడికి చేరేసరికి మొదలు మర్చిపోతారు. 60 పదాల పేరా తీసుకుని ముందు మీరు చదవండి, తర్వాత అందరూ మీతో కలిసి, ఆపైన ఇద్దరిద్దరుగా. తెలియని పదాలు మూడు దాటితే పేరా మార్చేయండి.

జవాబు 2: ఎక్కడ ఆగుతున్నారో కూడా చూడండి. ‘పాలు’ని ‘వాలు’ అంటున్నారా? మ, య తారుమారవుతున్నాయా? ఒత్తుల్లో త, న, మ, య, ర, ల ఒత్తులే కష్టం, అసలు అక్షరంతో వాటికి పోలికే ఉండదు. అత్త, అన్న, అమ్మ, అయ్య, కర్ర, పిల్ల: చెవికి తెలిసిన ఈ మాటలతోనే నేర్పండి. ‘శాస్త్రం’ లాంటివి ఇప్పుడే వద్దు.

జవాబు 3: అర్థానికి ముందు క్రియ కింద గీత గీయించండి. ‘రవి తాతకు మజ్జిగ ఇచ్చాడు’లో ‘ఇచ్చాడు’ దొరికాక ఎవరు, ఎవరికి, ఏమిటి అని వెనక్కి అడగండి. ‘కు’ని వేలితో చూపించాలి. ‘లేచి, స్నానం చేసి, బడికి వెళ్లింది’ అంటే పనులకు 1, 2, 3 వేయించండి. కర్త కనిపించకపోయినా ‘వెళ్లింది’లోని ‘ది’ చెబుతుంది, వెళ్లింది అబ్బాయి కాదని. జవాబు ఇంగ్లీషులో చెప్పినా ఒప్పుకోండి, అక్కడ చూస్తున్నది అర్థమైందా లేదా అన్నదే.