ఫస్టియర్ పిల్లలు పీపీటీ వద్దు, బోర్డు మీద చెప్పమంటున్నారు. ఏం చేయాలి?

ఫిజియో మేడం:
ప్రభుత్వ కాలేజీలో ఫిజియాలజీ అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని, చేరి రెండేళ్లయింది. ఎంబీబీఎస్ ఫస్టియర్‌లో 150 మంది. పోయిన వారం కార్డియాక్ సైకిల్, అంటే గుండె ఒక్కసారి కొట్టుకునేటప్పుడు వరసగా జరిగేవన్నీ, పీపీటీ మీద చెప్పాను. 40 స్లైడ్లు, రాత్రి రెండింటిదాకా కూర్చుని యానిమేషన్లు పెట్టుకున్నవి. క్లాసయ్యాక పేర్లు రాయొద్దని చెప్పి చీటీలు రాయించాను, ఎలా చెబితే మీకు బుర్రకెక్కుతుందని. సగానికి పైగా చీటీల్లో ఒకటే మాట, బోర్డు. ఒకరైతే "మేడం, మీ స్లైడ్లు బాగుంటాయి, నిద్ర కూడా బాగా పడుతుంది" అని రాశారు. గ్యాలరీలో, అంటే మెట్లమెట్లుగా బెంచీలుండే మా లెక్చర్ హాల్లో, లైట్లు ఆర్పేది నేనే లెండి.

నా బాధేంటంటే నాకు బొమ్మలు రావు. పీజీలో సెమినార్లన్నీ పీపీటీలతోనే లాగించాను. పైగా 2019లో వచ్చిన కొత్త కరికులంలో లెక్చర్లు మూడో వంతు దాటకూడదన్నారు, మిగతాదంతా చర్చలు, ప్రాక్టికల్స్ కావాలి. ఇలాంటప్పుడు మళ్లీ సుద్దముక్క పట్టుకోవడం వెనక్కి నడవడం కాదా? పిల్లలకి నచ్చిందే చెయ్యాలా?

వెనక బెంచీ:
మేడం, నేను సెకండియర్. టెన్త్ దాకా తెలుగు మీడియం, ప్రకాశం జిల్లాలో జడ్పీ హైస్కూల్. స్లైడ్ మీద పది లైన్లుంటే ముందు ఆ ఇంగ్లిష్ చదవాలి, తర్వాత అర్థం చేసుకోవాలి, ఆ తర్వాత రాసుకోవాలి. మూడో లైనుకొచ్చేసరికి స్లైడ్ మారిపోతుంది. "పీపీటీ గ్రూపులో పెడతాలే" అంటారు. పెడతారు కూడా. పరీక్ష ముందురోజు రాత్రి దాకా దాన్ని తెరిచేవాడుండడు. బోర్డు మీదైతే సార్ చెయ్యి ఎంత వేగంగా కదిలితే మా చెయ్యీ అంతే వేగం. మా అనాటమీ సార్ బ్రేకియల్ ప్లెక్సస్‌ని, చేతికెళ్లే నరాల అల్లికని, సీ5 నుంచి టీ1 దాకా ఒక్కో రూటూ ఒక్కో రంగులో గీశారు. వైవాలో (నోటి పరీక్షలో) బయటి కాలేజీ ఎగ్జామినర్ అడిగితే ఆ బోర్డునే తలుచుకుని చెప్పేశాను. హిస్టాలజీకి (మైక్రోస్కోపులో కణజాలాలు చూసేదానికి) మాత్రం ప్రొజెక్టరే కావాలి మేడం. బోర్డు మీద గీస్తే లివరూ కిడ్నీ ఒకలాగే కనిపిస్తాయి. ఇంకోటి, మధ్యలో ఒక్క ముక్క తెలుగులో చెప్పండి చాలు.

రంగు సుద్ద:
అమ్మా, నేను రిటైరై చాలా ఏళ్లయింది. ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ వచ్చినప్పుడూ ఇదే గొడవ. షీటు మీద రాసుకొచ్చి చదివేసి పోయేవాళ్లు.

కార్డియాక్ సైకిల్‌ని మాత్రం బోర్డు మీదే చెప్పు. దాన్ని చూపించే విగ్గర్స్ బొమ్మలో ప్రెషర్లు, ఈసీజీ, శబ్దాలు అంటూ ఐదారు గీతలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. అన్నీ ఒకేసారి తెర మీద వేస్తే పిల్లాడికది రైల్వే టైంటేబులే. ముందు అడ్డంగా ఒక గీత గీసి పక్కన 0.8 సెకను అని రాయి. గుండె నిమిషానికి 75 సార్లు కొట్టుకుంటే ఒక్కోసారికి పట్టేది అంతేనని వాళ్లచేతే లెక్క కట్టించు. అందులో గుండె ముడుచుకునే సిస్టోల్ 0.3, వదులయ్యే డయాస్టోల్ 0.5. దాని కింద ఈసీజీ. ఆ కింద లెఫ్ట్ వెంట్రికిల్ (ఎడమ కింది గది) ప్రెషర్. అది ఏట్రియం (పై గది) ప్రెషర్‌ని దాటగానే చెయ్యి ఆపి, వాళ్లవైపు తిరిగి, "ఇప్పుడు ఏ వాల్వు మూసుకుంటుంది?" అని అడుగు. మైట్రల్ అని ఎవరో ఒకరు అంటారు. అక్కడ నిలువుగా చుక్కల గీత, కింద గుండె మొదటి శబ్దం. నీ కొత్త కరికులం అడిగే చర్చ అదే కదమ్మా.

బొమ్మ అందంగా రానక్కర్లేదు. నాకూ వచ్చేది కాదు. సాయంత్రం ఐదు దాటాక ఖాళీ గ్యాలరీలో తలుపేసుకుని గీస్తూ చెరుపుతూ ఉండేవాణ్ణి. ఒకరోజు అటెండరు చూసి, "సార్‌కి కూడా పరీక్షలున్నాయా" అన్నాడు.

అడ్డం పుల్ల:
నేను కొంచెం ఎదురు మాట్లాడతాను. నచ్చడం వేరు, రావడం వేరు. 2019లో హార్వర్డ్ ఫిజిక్స్ విద్యార్థుల మీద ఒక అధ్యయనం వచ్చింది. చక్కటి లెక్చర్ విన్నప్పుడు బాగా నేర్చుకున్నామనిపించిందన్నారు. తామే లెక్కలతో కుస్తీ పట్టినప్పుడు సరిగ్గా రాలేదనిపించిందన్నారు. తీరా పరీక్ష పెడితే కుస్తీ పట్టినప్పుడే మార్కులు ఎక్కువ. కాబట్టి చీటీలు నమ్మి ఊరుకోకండి మేడం. ఒక వారం ఆగి, ముందు చెప్పకుండా తెల్లకాగితం ఇచ్చి ఆ బొమ్మ గీయమనండి. చర్చలకి చిన్న గ్రూపులు చేయాలంటారా, 150 మందిని విడగొట్టడం సులువే, ఒక్కో గ్రూపుకి టీచరేరీ?

ఫిజియో మేడం:
అందరికీ థాంక్స్. నిన్న మళ్లీ మొదటినుంచి బోర్డు మీద చెప్పాను. సుద్ద రెండుసార్లు విరిగింది. అయోర్టిక్ వాల్వ్ మూసుకున్నప్పుడు అయోర్టా ప్రెషర్ గీతలో పడే చిన్న నొక్కుని, డైక్రోటిక్ నాచ్‌ని, తొందరపడి ముందే గీసేస్తే, మూడో బెంచీలో అమ్మాయి లేచి, "వెంట్రికిల్ ప్రెషర్ ఇంకా తగ్గలేదు కదా మేడం, అయోర్టిక్ వాల్వ్ అప్పుడే ఎలా మూసుకుంటుంది?" అంది. ఇన్నాళ్లలో ఆ అమ్మాయి గొంతు వినడం అదే మొదలు. చెరిపి మళ్లీ గీశాను. గంటకి సగం పాఠమే అయింది, మా డిపార్ట్‌మెంట్ హెడ్ (హెచ్ఓడీ) సార్‌కి ఏం చెప్పాలో తెలీదు. సార్, లెక్క మాత్రం వాళ్లే కట్టారు. తెల్లకాగితం వచ్చే గురువారం పెడతాను.

వెనక బెంచీ బాబూ, చివరి మూడు వరుసలకి బోర్డు కనపడలేదట. పైనున్న ట్యూబ్‌లైటు ఎప్పుడు పోయిందో, లైట్లు ఆర్పే చెప్పేదాన్ని కాబట్టి చూసుకోలేదు. దానికి ఆఫీసులో లెటర్ పెట్టాలా, నేనే కొని పెట్టించెయ్యాలా? ప్రభుత్వ కాలేజీల్లో అనుభవమున్నవాళ్లు చెప్పండి.