గుడి నోట్సులో ‘కనిపించింది’ తప్ప ఇంకేం రాయాలి?

పరిశోధక విద్యార్థి: సింహాచలంలో నరసింహస్వామి విగ్రహాన్ని ఏడాదంతా కప్పి ఉంచే చందనం మీద పేపర్ రాస్తున్నా. నోట్సు తిరగేస్తే అంతా ‘స్వామి ఇలా కనిపించారు’ అనే ఉంది. వాసన, చలవ, పూత మందం ఎలా పట్టుకోవాలి? లోపల ఫోన్ తీయనివ్వరు.

సానరాయి: ముందు తేదీ వెయ్యండి. అక్షయ తృతీయ నాడు పాత పూతను వెండి బొరిగెలతో ఒలుస్తారు, నిజరూపం ఆ ఒక్కరోజే. ఆ రాత్రి అభిషేకమయ్యాక మూడు మణుగులు, అంటే దాదాపు 120 కిలోల పచ్చి చందనం పూస్తారు. వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములకు మళ్లీ అంతంత. జ్యేష్ఠ పౌర్ణమికి ముందు చూస్తే మీకు దొరికేది సగం పూతే. మాఘంలో చూసేది నాలుగు విడతలూ పడి ఆరినది. తేదీ లేని ‘మందం’ దేనికీ పనికిరాదు.

గంధపుచెక్క: వాసనకు కొద్ది నిమిషాల్లోనే ముక్కు అలవాటు పడిపోతుంది. అందుకని గడప దాటగానే తట్టిన మొదటి మాట గుర్తుపెట్టుకుని, బయటికి రాగానే రాసుకోండి. కర్పూరం, తడి రాయి, క్యూలో చెమట, దేనికది విడిగా రాయండి. ‘సువాసన’ అన్న మాటను మాత్రం నోట్సులోకి రానివ్వకండి, అది ఏమీ చెప్పదు.

చలవ కోసం ఇంట్లో సాన మీద చెక్క అరగదీసి ముంజేతికి రాసి చూడండి. నీళ్లు చుక్కలుగానే పోయాలి. ఎక్కువైతే గంధం జారిపోతుంది, ఆరాక నెర్రెలిస్తుంది. అరగంట రుద్ది, వచ్చినదాన్ని తూచండి. 120 కిలోలంటే ఏమిటో భుజం చెబుతుంది.

ఎర్రమట్టి: చందనం దాటి వేరే గుళ్లకూ వెళ్తే కుంకుమ, సింధూరం ఒకటేనని రాసేయకండి. పసుపు, సున్నంతో చేసిన కుంకుమ మీద నిమ్మరసం చుక్క వేస్తే పసుపు రంగుకు తిరుగుతుంది. రంగు పొడి అలా తిరగదు. ఆంజనేయుడికి నూనెలో కలిపి పూసే సింధూరం పొరలుగా పేరుకుని కళ్లూ ముక్కూ పూడిపోతాయి. కొన్నిటిలో సీసం ఉంటుంది, ముట్టుకుంటే చేతులు కడుక్కోండి. విగ్రహాన్ని గోకి నమూనా తీయడం మాత్రం వద్దు.

పరిశోధక విద్యార్థి: ఎవరు ముట్టుకుంటారన్నదీ రాయాలా?

సానరాయి: అసలు రాయాల్సింది అదే. అరగదీసే చేతులు వేరు, ఒలిచే అర్చకుల చేతులు వేరు. భక్తుడి చేతికి చందనం అందేది నిర్మాల్యంగా, అంటే స్వామి మీంచి ఒలిచాక, పొట్లంలోనే. ఒళ్లంతా తగిలేది మాత్రం గుడిలోని కప్పస్తంభం దగ్గర, ఆ స్తంభాన్ని భక్తులు కౌగిలించుకుంటారు. పది నిమిషాలు పక్కన నిలబడి చూడండి.