తోటకాడి కుక్కలను చలికాలం బయట గూట్లోనే ఉంచొచ్చా?

నాంపల్లి బత్తాయి రైతు:
మాది నల్లగొండ జిల్లా నాంపల్లి దగ్గర. నాలుగెకరాల బత్తాయి తోట ఉంది. ఇల్లు ఊర్లో, తోట కిలోమీటరున్నర దూరం. తోటకాడ రెండు కుక్కలున్నాయి. ఒకటి ఎనిమిదేళ్ల ఊరకుక్క, నల్లోడు అని పిలుస్తాం. రెండోది ఏడాదిన్నర లాబ్రడార్, మా బామ్మర్ది హైదరాబాద్‌లో పెంచలేక తెచ్చిచ్చాడు. మోటారు కేబుల్ రెండుసార్లు దొంగలెత్తుకుపోయాక సిమెంటు ఇటుకలతో వాటికి గూడు కట్టించి, పైన రేకు వేశాను.

పోయిన జనవరిలో ఒకరోజు పొద్దున ఆరింటికి వెళ్లి చూస్తే, రేకు లోపలి వైపంతా నీటి బొట్లు. కింద వేసిన గోనెసంచి పిండితే నీళ్లు కారేట్టుంది. నల్లోడు గూట్లో లేడు. స్టార్టర్ డబ్బా వెనక, ఎండుటాకుల కుప్పలో ముక్కును తోక కింద దాచుకుని ముడుచుకున్నాడు. పిలిస్తే ముందుకాళ్లు లేచాయి, వెనకకాళ్లు లేవడానికి చాలాసేపు పట్టింది. నాకు కడుపులో దేవినట్టయింది.

శివరాత్రి దాకా రెండింటినీ ఇంటికి తెమ్మని నా బిడ్డ పట్టుపట్టింది. కుక్కను ఇంట్లో పండబెడితే తోటకు కాపలా ఎవరని మా అన్న అంటాడు. మళ్లీ చలి మొదలైంది. మీరైతే ఏం చేస్తారు?

కోస్గి, గొర్ల కాపరి:
అన్నా, మీ అన్న మాటే నా మాట. మా తాతల నాటి నుంచి మా కుక్కలు గడప లోపల పండింది లేదు. కోతలయ్యాక ఎరువు కోసం చేలో మంద పెట్టడానికి రైతులు పిలుస్తారు, ఎవరి చేను అయితే ఆ చేనులోనే రాత్రి. మేం గొంగడి కప్పుకుంటాం, కుక్క మంద అంచున పడుకుంటుంది. చలికాలం వచ్చేసరికి దాని బొచ్చు కూడా కొంచెం ఒత్తు అవుతుంది. ఇంటి వెచ్చదనానికి అలవాటు చేశారంటే మళ్లీ బయట ఆగలేదు. పాపం అనుకుని చేసే పనే దానికి కీడవుతుంది.

నల్లగొండ టౌన్, టీచర్:
తమ్ముడూ, మీ కుక్క ఒంటరిగా పడుకోదు కదా. పక్కన గొర్ల మంద, వాటి ఒంటి మీది ఉన్ని, వాటి ఊపిరి వేడి, నెగడు, మనుషులు. తోటలో సిమెంటు మీద పడుకునే కుక్కకు వీటిలో ఒక్కటీ లేదు. రెండింటినీ ఒకే గాటన కట్టొద్దు.

నా బాధ ఇంకొకటుంది. మా వీధిలో ఒకరింట్లో కుక్కను పెరట్లో మూరెడు గొలుసుతో కట్టేస్తారు. రాత్రంతా మూలుగుతూనే ఉంటుంది. అడిగితే, అరిస్తేనే కదా దొంగలు రారు అన్నారు. పొట్టి గొలుసుతో గంటలకొద్దీ కట్టేయడం, నీడ చూపకపోవడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరమే. మొదటి తప్పుకు జరిమానా 50 రూపాయలు దాటదు, అందుకే ఎవరికీ భయం లేదు. నేనైతే మీ బిడ్డ పక్షం. ఇంటికి తెచ్చేయండి.

దేవరకొండ, పశువైద్యశాలలో పనిచేసి రిటైరైనవాణ్ణి:
ఇంట్లోనా బయటా అని కొట్లాడుకునే ముందు ఆ తడి సంచి సంగతి చూడండి. మన దగ్గర గట్టి చలి రాత్రి 12, 13 డిగ్రీలకు దిగుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్క పొడిగా ఉంటే ఆ చలిని తట్టుకుంటుంది. తడిస్తే మాత్రం తట్టుకోదు. కుక్క ఒంటి వేడి మామూలుగా 38.3 నుంచి 39.2 డిగ్రీలు. తడి బొచ్చు, చల్లటి సిమెంటు కలిసి ఆ వేడిని పీల్చేస్తాయి.

మీ రేకు కింది నీళ్లు పైనుంచి కారినవి కావు. కుక్కల ఊపిరిలోని ఆవిరే చల్లబడ్డ రేకుకు తగిలి బొట్లయింది. రేకు పైన మందంగా గడ్డి పరిచి తాడుతో బిగించండి, లోపల చెక్క పలక కొట్టించండి. కప్పు కింద వెనకవైపు బెత్తెడు సందు వదలండి, ఆవిరి బయటికి పోతుంది. నేలకు అర అడుగు ఎత్తున చెక్కలు పరవండి. మన దగ్గర చలిగాలి ఎక్కువగా తూర్పు, ఈశాన్యం నుంచి వస్తుంది, కాబట్టి వాకిలి దక్షిణానికి పెట్టండి. చలికాలం సూర్యుడు దక్షిణంగా వాలి ఉంటాడు గనుక పొద్దున ఎండ కూడా లోపలికి పడుతుంది. గూడు మరీ పెద్దది వద్దు. కుక్క నిలబడి, చుట్టూ తిరిగి పడుకునేంత ఉంటే చాలు. పెద్ద గూటిని దాని ఒంటి వేడి నింపలేదు.

పరుపు కోసం బొంతలు, సంచులు వేయకండి. అవి తడి పట్టుకుంటాయి. పొడి వరిగడ్డిని మించింది లేదు. సాగర్ ఎడమ కాలువ కింద కోతలయ్యాక గడ్డికి కొదవేముంది? మూరెడు మందాన వేస్తే కుక్కే తనకు కావలసినట్టు గుంట చేసుకుంటుంది. వారానికోసారి మార్చండి, లేకపోతే గోమార్లు చేరతాయి.

వేడి కోసం బల్బు వేలాడదీయకండి. వైరు కొరికి చనిపోయిన కుక్కను ఈ చేతులతోనే గుంటలో పెట్టాను.

ఇక నల్లోడి సంగతి. ఎనిమిదేళ్లంటే కీళ్లు పట్టే వయసే. వెనకకాళ్లు అలా లేస్తున్నాయంటే ముందు డాక్టరుకు చూపించండి. మనుషుల నొప్పి మాత్రలు అసలు వేయొద్దు, అవి కుక్కకు విషం. నెల లోపు పిల్లలుంటే మాత్రం నాకు రెండో మాట లేదు, తల్లితో సహా లోపలికి తేవాల్సిందే. వాటికి ఇంకా ఒంటి వేడిని నిలుపుకునే శక్తి ఉండదు.

కోస్గి, గొర్ల కాపరి:
పెద్దాయనా, గడ్డి మాట నిజం. మా కుక్క కూడా ఎప్పుడూ గడ్డివాము పక్కనే చేరుతుంది. అక్కా, గొలుసు గురించి మీరన్నది కూడా ఒప్పుకుంటాను, మేం రాత్రి ఎన్నడూ కట్టేయం. కానీ పని తెలిసిన కుక్కను పని నుంచి తప్పిస్తే అది దిగులు పడుతుంది. దాన్ని చలి లెక్కలో వేయడం లేదు మీరు.

అచ్చంపేట:
నల్లమల అంచున ఉండేవాళ్లం. మాకు చలి కంటే చిరుత భయం ఎక్కువ. బయట గూడంటే గట్టి జాలీ తలుపు, లోపలి నుంచి గొళ్లెం ఊడకుండా ఉండాలి. మీ వైపు ఆ భయం లేకపోతే అదృష్టవంతులు.

నాంపల్లి బత్తాయి రైతు:
అందరికీ దండాలు. టీచర్ గారి మాట మీద ముందు రెండింటినీ ఇంటికే తెచ్చాను. లాబ్రడార్ వరండాలో హాయిగా నిద్రపోయింది. నల్లోడు అర్ధరాత్రి గేటు గీకడం మొదలుపెట్టాడు. తలుపు తీస్తే వెనక్కి చూడకుండా తోటదారి పట్టాడు. నేను టార్చి పట్టుకుని వెనకే నడిచాను. మళ్లీ ఆ స్టార్టర్ డబ్బా దగ్గరే పడుకున్నాడు.

కోస్గి తమ్ముడు చెప్పిన దిగులు అప్పుడు అర్థమైంది. మర్నాడే రేకు మీద గడ్డి వేయించి, లోపల పలకలు కొట్టించి, వాకిలి దక్షిణానికి మార్చాను. డాక్టరు కీళ్లకు మందు రాశారు. లాబ్రడార్‌ను మాత్రం ఇంట్లోనే ఉంచాను, బిడ్డ ఒప్పుకోలేదు. నల్లోడు ఒక్కడే ఉండటానికి నాకింకా మనసొప్పడం లేదు. నిన్న తెల్లవారుజామున నాలుగింటికి వెళ్లాను. గూట్లోనే ఉన్నాడు. గడ్డిలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి చూశాను. అడుగున పొడిగా, వెచ్చగా ఉంది.