27 వచ్చినా ఎటూ తేలలేదు. ఇలా ఉన్నది నేనొక్కడినేనా?

అర్ధరాత్రి_ఆలోచన:
డిగ్రీ అయ్యాక పోటీ పరీక్షలని కొంతకాలం గడిచింది. అవి తేలక ఏదో చిన్న ఉద్యోగంలో చేరా, అదీ పడక మానేశా. ఇప్పుడు ఇంట్లోనే. నాతో చదివినవాళ్లలో ఒకడు మేనేజర్, ఒకడికి పెళ్లై పాప, ఇంకొకడు ఇల్లు కొనేశాడు. నాకేమో అసలేం కావాలో కూడా తెలీదు. మూడు విషయాలు అడుగుదామని వచ్చా. "ఇప్పుడేం చేస్తున్నావ్" అని ఎవరైనా అడిగితే మీరేం చెప్తారు? ఈ వయసులో లైన్ మార్చుకుంటే మళ్లీ సున్నా నుంచేనా? మూడోది, రాత్రిళ్లు ఇవే ఆలోచనలు, నిద్ర పట్టట్లేదు, ఏం చేయాలి? దయచేసి "అంతా మంచికే" అనొద్దు. అది ఇంట్లో రోజూ వింటున్నా.

నిదానమే_ప్రధానం:
తమ్ముడూ, ఆ మాట అనను గానీ, మనిషి మెదడే 25 ఏళ్లకు గానీ పూర్తిగా ఎదగదట. ఆ లెక్కన నువ్వు బతకడం మొదలెట్టి రెండేళ్లే అయింది. కంగారెందుకు?

అర్ధరాత్రి_ఆలోచన:
అన్నా, అంటే ఆ గడువు కూడా దాటిపోయిందన్నమాట నాకు.

కిటికీపక్క_సీటు:
నా సంగతి వేరు. అమ్మకు ఒంట్లో బాగోక ఉద్యోగం వదిలి ఇంటికొచ్చేశా. బ్యాచ్ గ్రూపులో రోజూ ఎవరికో ఒకరికి ప్రమోషనో, పెళ్లో, పిల్లాడో. నా ఫోన్లో 'క' కొట్టగానే 'కంగ్రాట్స్' అని కీబోర్డే అందిస్తుంది, పక్కనే చప్పట్ల బొమ్మ కూడా రెడీ. మందుల టైముకు పెట్టుకున్న అలారం మోగుతుంటే ఒక చేత్తో అది ఆపుతూ ఇంకో చేత్తో కంగ్రాట్స్ నొక్కుతుంటా. ఏం చేస్తున్నావని అడిగితే "అమ్మను చూసుకుంటున్నా" అంటాను. "అది సరేలే, ఇంకేం చేస్తున్నావ్" అంటారు. ఆ 'ఇంకేం' దగ్గరే నాకు ఒళ్లు మండుతుంది. అలా అడిగినవాళ్లలో ఒక్కరైనా ఒక్క పూట వచ్చి కూర్చుంటే, నేను కాసేపు నిద్రపోయేదాన్ని.

బుర్ర_తినకు:
ఈ 25 ఏళ్ల ముచ్చట ఇంకా వదల్లేదా జనం? నేను న్యూరోసైన్స్ చదువుతున్నా కాబట్టి చెప్తున్నా. మెదడు ముందుభాగం అన్నిటికన్నా ఆలస్యంగా ఎదుగుతుందన్నది నిజమే. కానీ 25 దగ్గర గీత గీసిన పరిశోధన ఏదీ లేదు. అందరూ చెప్పుకునే 2004 అధ్యయనంలో 4 నుంచి 21 ఏళ్ల మధ్యవాళ్లను, అదీ 13 మందినే, రెండేళ్లకోసారి స్కాన్ చేశారు. 21 దాకానే చూసినవాళ్లు 25 అని ఎలా చెప్తారు? మార్పులు ఇంకా ఆగలేదన్నారు, అంతే. ఆగే చోటు జనం కల్పించుకున్నది.

ముక్కుసూటి:
అబ్బో. కుర్రాడు నిద్రపట్టక ఏడుస్తుంటే ఈయన స్కాన్ల లెక్క చెప్తున్నాడు. పెద్దాయన ధైర్యం చెప్పాడు, దాన్నీ పీకాలా?

బుర్ర_తినకు:
ఆ ధైర్యం ఎలా పనిచేసిందో చూశారా? "గడువు దాటిపోయింది" అని వాడే రాశాడు పైన. లేని గడువు పెట్టి, అది దాటిపోయిందని ఏడిపించి, దానికి ధైర్యం అని పేరా?

నిదానమే_ప్రధానం:
నేను విన్నది చెప్పాను బాబూ. పరీక్ష రాయడానికి రాలేదు.

బుర్ర_తినకు:
మిమ్మల్ని అనలేదండీ. కొత్త సంగతి కావాలంటే, 2025లో కేంబ్రిడ్జ్ వాళ్లు వేలమంది స్కాన్లు చూసి, మెదడులోని కనెక్షన్ల తీరు సుమారు 9, 32, 66, 83 ఏళ్ల దగ్గర మలుపు తిరుగుతుందన్నారు.

ముక్కుసూటి:
ఇంకేం! 25 కొట్టేసి 32 పెట్టాడు. రేపట్నుంచి 33 వాళ్లంతా ఇక్కడికొచ్చి ఏడుస్తారు.

బుర్ర_తినకు:
అవి సగటులు. 32 తర్వాత మెదడు తలుపులు మూసేస్తుందని ఎవరూ అనలేదు. చదివి మాట్లాడండి.

పాతకాపు:
మెదళ్ల సంగతి మీరూ మీరూ తేల్చుకోండి. నేను ఏళ్ల తరబడి ఉద్యోగాలకు మనుషుల్ని ఎంచే పనిలో ఉన్నవాణ్ణి, నేను చూసినన్ని రెజ్యూమెలు ఇక్కడ ఎవరూ చూసుండరు. గ్యాప్ అంటే మీరు ఇంటర్వ్యూకి రాకముందే వణికిపోతారు. అవతలివాడు దాని గురించి మాట్లాడేది రెండు నిమిషాలు. "ఈ కారణంగా పని చేయలేదు, ఆ టైంలో ఇది నేర్చుకున్నా, ఇప్పుడు పనికి సిద్ధం" అని మూడు ముక్కలు చెప్పి నోరు మూసుకోవాలి. కుర్రాళ్లు అక్కడ ఆగరు, అడక్కుండానే అరగంట సంజాయిషీ ఇస్తారు. అనుమానం అక్కడ మొదలవుతుంది. ఇంకోటి, తేదీలు సాగదీయకండి. పాత కంపెనీ నుంచి కాగితం తెప్పించుకుని చూస్తాం. గ్యాప్ ఉన్నవాళ్లను తీసుకున్నాను. తేదీ మార్చినవాణ్ణి మాత్రం ఆఫర్ ఇచ్చాక కూడా ఆపేశాను.

జీరో_బ్యాలెన్స్:
"రెండు నిమిషాలు" అట! ఆ రెండు నిమిషాల దాకా రానిచ్చేదెవరు సార్? నా రెజ్యూమె మనిషి కంట పడిందే లేదు. అప్లై చేసిన రాత్రే "మీ ఆసక్తికి ధన్యవాదాలు" అని మెయిల్. అర్ధరాత్రి ఏ హెచ్‌ఆర్ కూర్చుని నా గ్యాప్ చదివాడో చెప్పండి.

పాతకాపు:
ఫిల్టర్లు ఉంటాయి, కాదనను. అందుకే పోర్టల్లో వందచోట్ల పడేసి కూర్చోవద్దు. తెలిసినవాళ్ల ద్వారా వెళ్లిన రెజ్యూమెను మనిషి చూస్తాడు.

జీరో_బ్యాలెన్స్:
తెలిసినవాళ్లతో మాట్లాడటం మానేసే కదా ఇక్కడికొచ్చాం.

జీతం_వస్తుంది:
తిట్టుకోనంటే ఒకటి చెప్తా. పైన రాసినవన్నీ నాకున్నాయి. ఉద్యోగం, ఇల్లు, పెళ్లి, అన్నీ టైముకే. అయినా ఆదివారం సాయంత్రం అయ్యేసరికి గుండెలో ఏదో దిగబడుతుంది. లిస్టులో అన్నిటికీ టిక్కులు పడ్డాయి, ఆ లిస్టు రాసిందెవరో మాత్రం నాకు తెలీదు.

జీరో_బ్యాలెన్స్:
మార్చుకుందామా బ్రో? నీ ఆదివారం నాకిచ్చెయ్, నా సోమవారం తీసుకో.

జీతం_వస్తుంది:
ఇందుకే ఎక్కడా చెప్పను.

కిటికీపక్క_సీటు:
జీరో గారూ, ఆయన మీ నోటి దగ్గర కూడు లాక్కోలేదు కదా. వదిలేయండి.

వంద_ట్యాబులు:
పోల్చుకోవడం గురించి ఎవరూ ఎత్తలేదే? 1991లో స్కాట్ ఫెల్డ్ అనే సోషియాలజిస్ట్ ఒక చిత్రమైన లెక్క చూపించాడు. సగటున చూస్తే మన స్నేహితులకు మనకన్నా ఎక్కువమంది స్నేహితులుంటారు. ఎందుకంటే ఎక్కువమందితో తిరిగేవాడు ఎక్కువమంది లిస్టుల్లో పడతాడు, ఎవరితోనూ కలవనివాడు ఎవరి లిస్టులోనూ ఉండడు. ఫోన్లో మనకు కనబడే జనం కూడా అంతే. రోజూ ఏదో ఒకటి పెట్టేవాడే అందరికీ కనిపిస్తాడు. మీలా ఇంట్లో కూర్చున్నవాడు ఏమీ పెట్టడు, కాబట్టి వాడు మీకు కనబడడు, మీరు వాడికి కనబడరు. మీ బ్యాచ్‌లో ఎంతమంది నోరు మెదపకుండా ఉన్నారో ఒకసారి గ్రూపు తెరిచి చూడండి.

అర్ధరాత్రి_ఆలోచన:
ఇప్పుడే చూశా. మాట్లాడేది ఏడెనిమిది మందే. మిగతావాళ్ల పేర్లు కొన్ని మర్చిపోయా కూడా.

సాయంకాలం_నడక:
అన్నలూ అక్కలూ, ఒక్క మాట. నేనూ ఇదే అనుకున్నా, దారి తప్పా, బద్ధకం పెరిగింది అని. చివరికి డాక్టరు రక్తపరీక్ష రాస్తే థైరాయిడ్ తక్కువగా ఉందని తేలింది. అందరికీ అదే అని కాదు. రక్తం తక్కువైనా, బి12 తక్కువైనా నీరసం అలాగే ఉంటుంది. ఇంకోటి, రెండు వారాలకు పైగా రోజులో ఎక్కువసేపు దిగులుగా ఉండటం, ఇష్టమైన పని మీద కూడా ఆసక్తి పోవడం, నిద్రా ఆకలీ తారుమారవడం ఉంటే అది కెరీర్ సమస్య అనుకుని కూర్చోకండి, డాక్టర్ని కలవండి. చచ్చిపోతే బాగుండనిపిస్తే ఆ రోజే ఎవరికైనా చెప్పండి. నిద్రకైతే నాకు పనిచేసింది ఒకటే. రాత్రి ఎప్పుడు పడుకున్నా పొద్దున ఒకే టైముకు లేవడం, నిద్ర రాకపోతే మంచం మీద దొర్లకుండా లేచి వేరే గదిలో కూర్చోవడం. మొదటి వారం నరకం.

నిదానమే_ప్రధానం:
ఇంతకీ డార్విన్ సంగతి తెలుసా? జీవపరిణామం మీద ఆయన రాసిన గొప్ప పుస్తకం వచ్చేసరికి ఆయనకు 50 ఏళ్లు. కుర్రతనంలో వైద్యం చదవమంటే మధ్యలో వదిలేశాడు. వేట, కుక్కలు, ఎలుకలు పట్టడం తప్ప నీకింకేం పట్టదని తండ్రి తిట్టాడని ఆయనే రాసుకున్నాడు.

ముక్కుసూటి:
ఆ తండ్రికి డబ్బుంది అన్నా. వైద్యం వదిలితే కేంబ్రిడ్జ్‌కి పంపాడు. 1831లో ఆయనకు పేరు తెచ్చిన ఆ ప్రపంచయాత్రకు ఓడెక్కాడు, అప్పటికి 22 ఏళ్లు, జీతం లేదు, ఖర్చు నాన్నది. మన నాన్నలు ఓడ దాకా ఎందుకు, కోచింగ్ ఫీజు రెండోసారి కడితే గొప్ప.

బుర్ర_తినకు:
మొదటిసారి మీతో ఏకీభవిస్తున్నా.

ముక్కుసూటి:
ఏడ్చావులే.

నిదానమే_ప్రధానం:
ఏది చెప్పినా పట్టి పీకుతారేంటయ్యా మీరు. ఇక నేను రాయను.

మోడరేటర్:
వ్యక్తిగతంగా వెళ్లొద్దు. మెదడు చర్చ కావాలంటే వేరే థ్రెడ్ పెట్టుకోండి.

నిదానమే_ప్రధానం:
వెళ్లేముందు ఒక్కటి. నేను ముప్పై దాటాక లైన్ మార్చా. అకౌంట్లలోంచి పిల్లలకు పాఠాలు చెప్పే పనికి. సున్నా నుంచి కాదు తమ్ముడూ. లెక్క తప్పు ఎక్కడుందో పట్టుకోవడం అక్కడ నేర్చిందే, పిల్లల కాపీల్లో అదే పని. జీతం మాత్రం తగ్గింది, అది ఎవరూ చెప్పరు. చాలాకాలం తగ్గే ఉంది. కొత్తవాళ్లు నాకన్నా చిన్నవాళ్లు, వాళ్లు నాకు పని నేర్పేవాళ్లు. దానికి అలవాటు పడటమే అన్నిటికన్నా కష్టం.

అర్ధరాత్రి_ఆలోచన:
అన్నా, మీరు వెళ్లొద్దు. మొదటి నుంచీ ఇదే చెప్పుంటే ఆ 25 గొడవే ఉండేది కాదు. నడక గారూ, రక్తపరీక్ష రేపు చేయించుకుంటా. పాతకాపు గారూ, మూడు ముక్కల్లో చెప్పమన్నారు కదా, నేను రాసి చూసుకున్నా. "పోటీ పరీక్షలకు చదివాను, రాలేదు. ఒకచోట పనిచేశాను, వదిలేశాను. ఇప్పుడు పని కావాలి." ఇది చాలా?

పాతకాపు:
"రాలేదు, వదిలేశాను" అని రెండుసార్లు తలదించుకున్నావు. వదిలేసినచోట చేసిన పనేంటి? అది రాయి. స్టాక్ లెక్క చూశావా, కస్టమర్లతో మాట్లాడావా, ఎక్సెల్‌లో ఏమైనా చేశావా?

అర్ధరాత్రి_ఆలోచన:
వచ్చిన కంప్లైంట్లన్నీ ఎక్సెల్‌లో ఎక్కించి, మళ్లీ మళ్లీ వచ్చేవి వేరు చేసి పైవాళ్లకు పంపేవాణ్ణి. అదీ ఒక పనేనా?

పాతకాపు:
దానికి మనుషుల్ని పెట్టుకుంటారు నాయనా. మొదటి లైన్లో అదే రాయి.

జీరో_బ్యాలెన్స్:
నాదీ చూస్తారా సార్? పొద్దున ఏదో కోపంలో అన్నా.

పాతకాపు:
పేరు, ఫోన్ నంబరు తీసేసి పెట్టు. ఎవడూ ఇక్కడ నంబర్లు పెట్టొద్దు.

కొత్తగా_చేరా:
హాయ్ అందరికీ. నాకు 24. పైన డార్విన్ గొడవ ఏంటో అర్థం కాలేదు. గ్యాప్ ఉన్నచోట "ఫ్రీలాన్సర్" అని రాసేయొచ్చా? మా ఫ్రెండ్ రాయమంటున్నాడు.

పాతకాపు:
చేశావా, చేయలేదా?

కొత్తగా_చేరా:
మా కజిన్‌కి ఒక లోగో చేసిచ్చా.

పాతకాపు:
డబ్బులిచ్చాడా?

కొత్తగా_చేరా:
ఇస్తానన్నాడు.